తలుపు బల్ల

ఆ ఇంట్లో పొద్దున్నే అందరికంటే ముందు లేచేది కత్తెర. కర్రు కర్రుమని గుడ్డని కోసుకుంటూ పోయే పెద్ద కత్తెర. వడ్రంగికి కళ్ళు తెరుచుకోక ముందే చెవులకి ఆ చప్పుడు అందుతుంది. ఆ రోజూ అంతే. లేచి కూర్చుని, కుడిచేతిని ఎడమచేత్తో ఎత్తి, పసిబిడ్డని ఒళ్ళోకి తీసుకున్నట్టు పొట్టకి ఆనించుకుని ముందుగదిలోకి వచ్చాడు. కిటికీ పక్కన ముక్కాలి పీట ఉంటుంది. దాని మీద కూర్చున్నాడు.

భార్య నిలబడి కత్తిరిస్తోంది. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆవిడ వీధిలోవాళ్ళకి బట్టలు కుడుతూనే ఉంది. ఇన్నేళ్ళూ నేల మీద చాప పరుచుకుని, మోకాళ్ళ మీద పాకుతూ కత్తిరించింది. లేచేటప్పుడు ఆ మోకాళ్ళు ఎండుకొమ్మలు విరిగినట్టు పటపటమనేవి. ఇప్పుడు ఆ బాధ లేదు. నడుమెత్తున బల్ల ఉంది.

అది నిజానికి బల్ల కాదు. కొడుకూ కోడలూ పడుకునే గది తలుపు. రెండు ఎత్తు స్టూళ్ళ మీద వెల్లకిలా పడుకోబెట్టిన తలుపు. గొళ్ళెం ఇంకా దాని ఒంటి మీదే ఉంది. ఇంట్లో అందరూ దాన్ని తలుపు బల్ల అంటారు. "కళ్ళజోడు ఎక్కడ పెట్టావ్?" అంటే "తలుపు బల్ల మీద." "పాలు పొంగాయి, గుడ్డ ఏదీ?" అంటే "తలుపు బల్ల కింద." పేరు పడ్డాక ఇంక అది తలుపన్న సంగతి ఎవరికీ గుర్తు లేదు, ఒక్క వడ్రంగికి తప్ప.

"ఏమండీ, ఈ గొళ్ళెం పీకెయ్యకూడదూ? బట్ట చిక్కుకుంటోంది" అంది భార్య.

"పీకేస్తాలే."

"పీకేస్తాలే, పీకేస్తాలే. ఎన్నాళ్ళనించి అంటున్నారు? ఎడమచేత్తో స్క్రూ తిప్పడం కూడా చేతకాదా?"

చేతకాక కాదు. ఆ గొళ్ళెం పీకేస్తే అది ఇంక తలుపు కాకుండా పోతుందని ఆయన భయం. ఆ మాట నోటితో చెప్తే నవ్వుతుంది.

అంతలో వీధి గేటు కిర్రుమంది. కోడలు వచ్చింది. ఆమె ఆసుపత్రిలో నర్సు. రాత్రి డ్యూటీ. ఊరంతా పనుల్లోకి వెళ్ళే వేళకి ఆమె పని దిగి వస్తుంది. కళ్ళ కింద నల్లగా, జుట్టు రేగిపోయి, నడుస్తూనే నిద్రపోతున్నట్టు ఉంది.

"వచ్చావా అమ్మా" అన్నాడు వడ్రంగి.

"వచ్చాను మామయ్యా." అంతకంటే మాట రాలేదు ఆమెకి. కాళ్ళూ చేతులూ కడుక్కుని, రెండు ముద్దలు తిన్నాననిపించి, తన గదివైపు వెళ్ళింది. గుమ్మానికి కర్టెన్ ఉంది. ఫ్యాను గాలికి ఎగురుతోందని ఎవరో దాన్ని మెలితిప్పి ముడేశారు. ఆమె ముడి విప్పి, కర్టెన్ కిందికి లాగి, రెండు వైపులా గోడకి అదిమింది. వదలగానే మళ్ళీ ఎగిరింది.

అది చూసి వడ్రంగి తల తిప్పుకుని వీధిలోకి చూస్తూ కూర్చున్నాడు.

ఆ తలుపు ఊడదీసింది ఆయనే. వానలకి చెక్క ఉబ్బి, తీసినప్పుడల్లా నేలని రాసుకుని కీచుమనేది. "నాన్నా, నువ్వు ఊరందరి తలుపులూ బాగుచేస్తావు. మనింటి తలుపు తీస్తే పక్కింటివాళ్ళు లేస్తున్నారు" అన్నాడు కొడుకు. వేళాకోళానికే అన్నాడు, అయినా ఆయనకి గుచ్చుకుంది. ఒక సెలవురోజు మడతబందులు విప్పి, తలుపు దింపి, స్టూళ్ళ మీద పెట్టి అంచు చిత్రిక పట్టాడు. సగం అయింది. మిగతా సగం రేపు చూద్దామనుకున్నాడు. ఆ రేపు ఎవరింట్లోనో పైకప్పు దూలం సరిచేస్తూ నిచ్చెన మీంచి పడ్డాడు. భుజం విరిగింది. ఎముక అతుక్కుంది గానీ వంకరగా అతుక్కుంది. చెయ్యి ఛాతీ దాటి పైకి లేవదు. వేళ్ళు చెంచా పట్టుకుంటాయి, ఉలి పట్టుకోవు.

ఆయన ఆసుపత్రి నించి వచ్చేసరికి తలుపు మీద ఒక పంట్లాం గుడ్డ పరిచి ఉంది. "ఇదొక్కటీ కత్తిరించి తీసేస్తానండీ" అంది భార్య. ఆ ఒక్కటి ఇంకా అవలేదు.

మొదట్లో అందరూ జాగ్రత్తగానే ఉన్నారు. తలుపు లేకపోతేనేం, ఉన్నట్టే ఉండేవారు. వడ్రంగి ఆ గుమ్మం దగ్గరికి వస్తే ఒకసారి దగ్గి ఆగేవాడు. భార్య "అమ్మాయ్, రావచ్చా?" అని బయటినించే అడిగేది. కాలేజీకి వెళ్ళే కూతురు, అందరూ పిట్ట అని పిలిచే పిల్ల, గోడని వేళ్ళతో టకటక కొట్టి "వదినా, తలుపు తియ్యి" అని లేని తలుపుని అడిగి నవ్వించేది.

తరవాత ఏమైందో, ఎప్పుడైందో ఎవరూ చెప్పలేరు. ఎవరూ కూర్చుని నిర్ణయించలేదు. ఒకరోజు పిట్ట, బస్సు టైమైపోతోందని, అడక్కుండా దూరి అద్దంలో చూసుకుని తుర్రుమంది. ఇంకోరోజు ఇస్త్రీపెట్టె ఆ గది అలమరలో ఉందని భార్య దూరింది. కోడలు నిద్రపోతోంది కదా, లేపడమెందుకని చప్పుడు చెయ్యకుండా వెళ్ళింది. అది మర్యాదే అనుకుంది. నెమ్మదిగా దారం ఉండలు ఆ గదిలోకి చేరాయి. కుట్టాల్సిన బట్టల మూటలు మంచం కిందికి చేరాయి. అడ్డం లేనిచోట ఆగడానికి కాళ్ళకి కారణం దొరకలేదు. కోడలు ఫోన్లో మాట్లాడుతుంటే ముందుగదిలోంచే "ఎవరే అది, మీ అక్కా?" అని అడగడం అలవాటైంది. టీవీ గొంతు ఒకప్పుడు తగ్గించేవారు. తలుపు వేసి ఉందంటే లోపల మనిషి పడుకుందని కళ్ళకి కనపడేది. ఇప్పుడు కనపడేది ఒక ఎగిరే గుడ్డ. ఎగిరే గుడ్డకి ఎవరు భయపడతారు?

వడ్రంగి ఇదంతా చూశాడు. పీట మీద కూర్చున్నవాడికి చూడ్డం తప్ప వేరే పనేముంది? చెప్పాలనుకునేవాడు. అప్పుడే భార్య నిలబడి, నడుం నిటారుగా పెట్టి, హాయిగా కత్తెర ఆడిస్తూ కనిపించేది. చెప్పకుండానే వీధివైపు తిరిగేవాడు.

ఆ రోజు ఎండ ఇంట్లోకి జొరబడే వేళకి మూలింటి టీచరమ్మ వచ్చింది. పిల్లలకి పాఠాలు చెప్పీ చెప్పీ ఆవిడ మెల్లగా మాట్లాడ్డం మర్చిపోయింది.

"అయిందా నా గౌను? సాయంత్రం మా స్కూల్లో ఫంక్షన్ ఉంది. రోజూ రేపు రేపు అంటావ్."

"అయింది టీచరమ్మా, అరవకండి. ఒకసారి తొడిగి చూసుకుంటే నడుం దగ్గర పిన్ను పెడతా."

"ఎక్కడ తొడుక్కోను? మీ ఆయన ఇక్కడ కూర్చున్నాడు."

"లోపల నిలువుటద్దం ఉంది, వెళ్ళండి."

వడ్రంగి ఉలిక్కిపడ్డాడు. "ఏమే, లోపల అమ్మాయి..."

"నిద్రపోతోందిలెండి. దానికి ఏనుగు తొక్కినా మెలకువ రాదు."

"ఏనుగెవరూ?" అంది టీచరమ్మ, తన లావు తలుచుకుని.

"అయ్యో మిమ్మల్ని కాదండీ!"

ఇద్దరూ నవ్వుకుంటూ కర్టెన్ తోసుకుని వెళ్ళారు. వడ్రంగి పీట మీంచి సగం లేచాడు. లేచి ఏం చెయ్యాలి? లోపల ఆడవాళ్ళు బట్టలు మార్చుకుంటుంటే వెళ్ళి ఆపుతాడా? ఇక్కడినించి కేకేస్తే నిద్రపోతున్న కోడలే లేస్తుంది. లేచినవాడు లేచినట్టే మళ్ళీ కూలబడ్డాడు.

లోపల్నించి టీచరమ్మ గొంతు: "వెనక హుక్కు పెట్టు. ఊపిరి ఆడట్లేదు. ఇంత బిగుతుగా ఎందుకు కుట్టావ్?"

"కొలతిచ్చినప్పుడు ఊపిరి బిగబట్టి ఇచ్చారు టీచరమ్మా, నేనేం చెయ్యను?"

అంతలో మంచం కదిలిన చప్పుడు. తరవాత టీచరమ్మే అంది, పాపం మంచిగానే అంది: "పడుకో అమ్మా, పడుకో. నాకేం సిగ్గు లేదు."

కాసేపటికి టీచరమ్మ గౌను చంకలో పెట్టుకుని, ఎవరి మొహమూ చూడకుండా వెళ్ళిపోయింది. మెట్లు దిగేదాకా ఆవిడ గొంతు వినపడలేదు. ఆవిడ అంత మౌనంగా వెళ్ళడం ఆ వీధిలో ఎవరూ ఎరగరు.

కొడుకు స్కూలు వ్యాను నడుపుతాడు. మధ్యాహ్నం తిండికి వచ్చేసరికి కోడలు మంచం మీద బ్యాగు పెట్టి బట్టలు సర్దుతోంది. కర్టెన్ పూర్తిగా పక్కకి లాగేసింది. ఇంక దాచుకోవాల్సిందేమీ లేదన్నట్టు.

"ఏమైంది?" అన్నాడు కొడుకు గుమ్మంలో నిలబడి.

"ఆసుపత్రి హాస్టల్లో మంచం ఖాళీ ఉందట. వెళ్తున్నా."

"ఎన్ని రోజులు?"

ఆమె చలికాలం దుప్పటి కూడా మడిచి బ్యాగులో పెట్టింది. 

"అమ్మా, ఏం చేశావ్?" అని కొడుకు తల్లివైపు తిరిగాడు.

"ఏం చేశాను నేను? టీచరమ్మ గౌను తొడిగి చూసుకుంది. అంతే. కొంపలేమన్నా అంటుకున్నాయా?"

"ఆవిడ నా తల పక్కన నిలబడి బట్టలు విప్పుకుంది అత్తయ్యా" అంది కోడలు. అరవలేదు. అరిచినా బాగుండేది.

"ఆడదేగా! మగాణ్ణేమైనా పంపానా?"

"నేను నిద్రపోతున్నాను."

"నిద్రపోతున్నావనేగా పంపింది! మెలకువగా ఉంటే నిన్ను అడిగేదాన్ని."

కాలేజీ నించి అప్పుడే వచ్చిన పిట్టకి నవ్వు ఆగలేదు, కిసుక్కుమంది. వదిన మొహం చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. భార్యకి కూడా తన మాట తనకే ఎలా వినపడిందో, ఒక్క క్షణం తడబడింది. తడబాటు కప్పిపుచ్చుకోడానికి గొంతు పెంచింది.

"అయినా ఇంట్లోవాళ్ళం. పరాయివాళ్ళమా? ఇదేమన్నా లాడ్జీనా, గదికో తాళం, మనిషికో తలుపు?"

"కర్టెన్ ఉందిగా, కాస్త సర్దుకోవచ్చుగా" అన్నాడు కొడుకు తన భార్యతో, బతిమాలుతున్నట్టు. "అమ్మ మోకాళ్ళ సంగతి నీకు తెలుసు."

"తెలుసు. అందుకే ఇన్నాళ్ళూ నోరెత్తలేదు." ఆమె చేతిలో చొక్కా మడత పెట్టడం ఆపింది. "మా వార్డులో మంచానికీ మంచానికీ మధ్య ఉండేది కూడా కర్టెనే. స్పృహ లేని మనిషి పడుకుని ఉన్నా సరే, 'కర్టెన్ తీస్తున్నానమ్మా' అని చెప్పి తీస్తాం. వాళ్ళకి వినపడదని తెలుసు. అయినా చెప్తాం. నాకు ఒళ్ళు తెలుస్తుంది అత్తయ్యా. వినపడుతుంది. నాకెవరూ చెప్పరు."

వడ్రంగి పీట మీంచి లేచి వచ్చాడు. పెద్దవాడు ఏదో ఒకటి అనాలి కదా. "నీ బాధ నాకు అర్థమైందమ్మా. మీ అత్తయ్య తొందరపాటు మనిషి. దానికి నేను చెప్తాను..."

"మీరూ అంతే మామయ్యా."

ఆయన గుమ్మం ఇవతలే నిలబడ్డాడు.

"మొదట్లో మీరు దగ్గి వచ్చేవారు. మీ దగ్గు వినపడితే నాకు ధైర్యంగా ఉండేది, ఈ ఇంట్లో నాకొక గది ఉందని. తరవాత మీరూ దగ్గడం మానేశారు. ఒకరోజు భుజానికి రాసుకునే మందు కోసం వచ్చారు. నేను ఏడుస్తున్నాను. చూసి వెళ్ళిపోయారు. ఆ రోజు వార్డులో ఒక చిన్నపిల్ల పోయింది మామయ్యా. దాని జడకి రిబ్బను నేనే కట్టాను, ముందురోజు. ఇంటికొచ్చి కాసేపు ఏడుద్దామనుకున్నా. సాయంత్రం అందరూ తింటుంటే అత్తయ్య అడిగారు, 'ఎందుకే ఏడ్చావట, మా వాడేమన్నా అన్నాడా?' అని. పిట్ట కూడా అడిగింది. మీ అబ్బాయి కూడా అడిగారు. నాకు ఏడవడానికి కూడా చోటు లేదని ఆ రోజు అర్థమైంది."

వడ్రంగికి ఆ రోజు గుర్తుంది. తను చూసిన సంగతి ఆమె చూడలేదనుకున్నాడు. భార్యకి చెప్పింది కూడా తనే, మంచికే చెప్పాననుకున్నాడు. దగ్గలేదన్న సంగతి మాత్రం ఇప్పుడు ఈ అమ్మాయి చెప్పేదాకా ఆయనకే తెలియదు. ఎప్పుడు మానేశాడు? ఎంత వెతుక్కున్నా ఆ రోజు దొరకలేదు.

కోడలు బ్యాగు భుజాన వేసుకుంది. అత్తగారి కాళ్ళ దగ్గర పడి ఉన్న దారం ఉండ తీసి తలుపు బల్ల మీద పెట్టి, గేటు తీసుకుని వెళ్ళిపోయింది. కొడుకు వెనకే వెళ్ళి, గేటు దగ్గర నిలబడి, తిండి తినకుండానే వ్యాను ఎక్కాడు.

ఆ సాయంత్రం భార్య కుట్టుమిషను ముందు కూర్చుంది గానీ మిషను తిరగలేదు. వడ్రంగి తలుపు బల్ల అంచు నిమిరి అన్నాడు.

"ఆ తలుపు ఎక్కించాలి."

"ఎక్కించండి." ఆవిడ తల ఎత్తలేదు. "నా మోకాళ్ళు కూడా కోసి తీసుకెళ్ళి ఆవిడకి ఇచ్చి రండి."

"నిన్ను అనట్లేదే."

"అనండి. అందరూ నన్నే అనండి. నేనేమైనా సుఖపడ్డానా ఈ కొంపలో? ఒక్క బల్ల. అదీ బల్ల కాదు. నిలబడి పనిచేసుకుంటుంటే నేనూ ఒక మనిషినే అనిపించింది. అదీ తీసేసుకోండి." కళ్ళు తుడుచుకుంది. "ఆ పిల్ల ఏడుస్తుంటే నేను ఓదారుద్దామనే అడిగాను. నాకేం తెలుసు?"

"నాకూ తెలీదు. నేను పుట్టిందగ్గర్నుంచీ తలుపులు చేస్తున్నా. దొంగలు రాకుండా, గాలీ వానా రాకుండా అనుకున్నా. అది ఉన్నన్నాళ్ళూ మనం మంచివాళ్ళం అనుకున్నామే. మన మంచితనం సగం ఆ చెక్కలోనే ఉంది. దాన్ని నేనే ఊడదీశాను."

"మరి ఎక్కించలేరుగా?" అంది ఆవిడ. ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అడిగింది. అదే ఆయనకి ఎక్కువ నొప్పి పెట్టింది. మంచి చెయ్యి ఉంటే ఒక పూటలో తలుపు ఎక్కించి, మరో పూటలో ఆవిడకి బల్ల చేసిపెట్టేవాడు. ఇద్దరిలో ఎవరూ ఏడవాల్సిన పనే ఉండేది కాదు. ఇప్పుడు ఒకరి కన్నీళ్ళు తుడవాలంటే ఇంకొకరిది లాక్కోవాలి. కుడిచెయ్యి వైపు చూసుకున్నాడు. అది పొట్ట మీద నిద్రపోతున్నట్టు పడుంది.

మర్నాడు పొద్దున కత్తెర చప్పుడు లేదు. చప్పుడు లేకపోవడానికే ఆయనకి మెలకువ వచ్చింది. ముందుగదిలోకి వచ్చి చూస్తే తలుపు మీద ఏమీ లేదు. గుడ్డలూ దారాలూ కొలతటేపూ అన్నీ తీసేసి, తడిగుడ్డతో తుడిచి ఉంది. మధ్యలో ఇస్త్రీపెట్టెకి కాలిన మచ్చ మాత్రం పోలేదు. భార్య పక్కనే నిలబడి ఉంది.

"చెప్పండి. ఎటు పట్టుకోవాలి?"

కొడుకుని లేపారు. పిట్టని లేపారు. ఆ ఇంట్లో ఒక్కడికే తలుపు ఎక్కించడం వచ్చు, ఆ ఒక్కడికే చెయ్యి లేదు. కొడుకు తలుపు పైకెత్తి గుమ్మానికి ఆనించి పట్టుకున్నాడు. పిట్ట, తలుపు కింద చెక్కముక్క దోపింది.

"కొంచెం పైకి. అంత కాదు. కిందికి."

"నాన్నా, ఒకటి చెప్పు, పైకా కిందికా? చేతులు పడిపోతున్నాయి."

"వ్యాను తిప్పడం కాదురా ఇది. నీళ్ళు నిండిన బిందె పట్టుకున్నట్టు పట్టుకో."

పాత స్క్రూ రంధ్రాలు వదులైపోయాయి. వాటిలో అగ్గిపుల్లలు విరిచి దోపమన్నాడు. దోపారు. స్క్రూ తను బిగిస్తానన్నాడు. ఎడమచేత్తో పెట్టాడు, జారింది. మళ్ళీ పెట్టాడు, మళ్ళీ జారి కింద పడి దొర్లుకుంటూ పోయింది. మూడోసారి స్క్రూడ్రైవరు జారి చెక్క మీద గీత పడింది. ఊరిలో ఎన్ని గుమ్మాలకి ఎన్ని తలుపులు ఎక్కించాడో లెక్క లేదు. ఒక్కదాని మీదా గీత పడనివ్వలేదు. 

భార్య మాట్లాడకుండా ఆయన చేతిలోంచి స్క్రూడ్రైవరు తీసుకుంది. "ఎటు తిప్పాలి?"

"కుడివైపు."

ఆవిడే బిగించింది. సూదిలో దారం ఎక్కించేటప్పటిలాగే నాలిక పంటి కింద పెట్టుకుని, ఒక్కొక్కటీ బిగించింది.

కొడుకు తలుపు మూశాడు. మూసుకుంది గానీ పూర్తిగా మూసుకోలేదు. ఇన్నాళ్ళు రెండు కొసలా స్టూళ్ళ మీద పడుకుని, మధ్యలో బరువు మోసి మోసి చెక్క నడుం వంగింది. పైనా కిందా మూలలు గుమ్మానికి అందకుండా బయటికి చూస్తున్నాయి. గొళ్ళెం వెయ్యబోతే పక్కకి పోయింది. వదిలితే తలుపు మెల్లగా వేలెడు తెరుచుకుంది.

"గొళ్ళెం పడట్లేదు నాన్నా."

"పడదు." ఆయన పీట మీద కూర్చుండిపోయాడు. "చెక్క వంగింది. సరిచెయ్యాలంటే చిత్రిక పట్టాలి. ఎవరు పడతారు?"

కొడుకు వ్యానుకి వెళ్ళిపోయాడు. భార్య గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. మంచం కింద మూటలు, అలమరలో దారాలు, మూలన గుండీల డబ్బా, ఒక్కొక్కటీ బయటికి తెచ్చుకోవాలని. గదిలో తన సామానే ఎక్కువుందని, కోడలిది ఒక మూలకి చేరిందని ఆవిడకి అప్పుడే కనపడింది.

ఆ సమయానికే గేటు కిర్రుమంది. కోడలు. డ్యూటీ దిగి, మిగిలిన బట్టలు తీసుకెళ్దామని వచ్చింది. మామగారిని చూసి తల వంచుకుని లోపలికి నడిచింది. గది దగ్గరికి వచ్చి ఆగిపోయింది. తలుపు ఉంది. దగ్గరగా వేసి ఉంది. ఆమె చెయ్యి తోసెయ్యడానికి ముందుకి వెళ్ళింది, మధ్యలోనే ఆగింది. వేళ్ళు ముడుచుకున్నాయి. టక టక కొట్టింది.

"ఎవరూ?" అంది లోపల్నించి అత్తగారు, ముక్కు దిబ్బడేసిన గొంతుతో.

"నేనే అత్తయ్యా. రావచ్చా?"

లోపల ఏదో కింద పడింది. గుండీల డబ్బా. గుండీలు గదంతా దొర్లిన చప్పుడు. తలుపు తెరుచుకుంది. భార్య గుమ్మంలో నిలబడి ఉంది, మొహమంతా తడి.

"నీ గదికి నువ్వు తలుపు కొడతావేమిటే! నీ గదికి నువ్వు..."  కోడలు కిందికి వంగి గుండీలు ఏరడం మొదలెట్టింది. అత్తగారు వంగబోతే మోకాళ్ళు పటపటమన్నాయి. "మీరుండండి అత్తయ్యా" అని ఆవిణ్ణి మంచం మీద కూర్చోబెట్టింది. ఇద్దరూ ఏడుస్తున్నారు, ఒకరు పైన కూర్చుని, ఒకరు కింద గుండీలు ఏరుతూ. వడ్రంగి పీట మీంచి లేచి, వెళ్ళి, తలుపు వాళ్ళ మీదికి మెల్లగా మూశాడు. వేలెడు సందు మిగిలింది. అది ఆయన చేతిలో లేదు.

కాసేపటికి భార్య బయటికొచ్చింది, చేతిలో గుండీల డబ్బాతో. ముందుగదిలో కత్తిరింపు ముక్కలు వెతికి, ఒక మందపాటి ముక్క నాలుగు మడతలు పెట్టి, తలుపు సందులోంచి లోపలికి అందించింది. "ఇది లోపల్నించి గట్టిగా దోపుకో. గాలికి తెరుచుకోదు. పడుకో." తలుపు బిగుసుకుంది. ఆ తరవాత ఆవిడ చాప పరుచుకుని నేల మీద కూర్చుని కత్తిరించింది. పెద్ద కత్తెర పక్కన పెట్టి చిన్న కత్తెరతో, చప్పుడు రాకుండా. పిట్ట వచ్చి టీవీ పెట్టబోయి, మూసిన తలుపు చూసి, తనంతట తనే చెయ్యి వెనక్కి తీసుకుంది. ఎవరూ ఏమీ చెప్పలేదు దానికి. వడ్రంగి మాత్రం భార్య పాకుతూ ఒక వైపు నించి ఇంకో వైపుకి వెళ్ళినప్పుడల్లా ఆ మోకాళ్ళ చప్పుడు వింటూ, పళ్ళు బిగించి కూర్చున్నాడు.

ఎండ తగ్గాక కోడలు లేచింది. డ్యూటీ బట్టలు వేసుకుని బయటికొచ్చింది. చేతిలో బ్యాగు లేదు. అది చూసి కూడా ఎవరూ అడగలేదు, ఉంటున్నావా, వెళ్తున్నావా అని. అడగడానికి భయం. ఆమె అత్తగారి చాప దగ్గర ఆగింది.

"అత్తయ్యా, మంచం మీద పరుపు చుట్టి పక్కన పెట్టాను. కింద ఉన్నది చెక్కేగా. మీ నడుమెత్తు ఉండదు గానీ, పక్కన స్టూలేసుకుని కూర్చుంటే నేల మీద పాకక్కర్లేదు. నేను డ్యూటీకి వెళ్ళాక అక్కడ కత్తిరించుకోండి. నేను వచ్చేసరికి మళ్ళీ పరుపు వేసెయ్యండి."

భార్య చిన్న కత్తెర చాప మీద పెట్టింది. "రేపు వస్తావన్నమాట."

"వస్తాను. హాస్టల్లో దోమలు." కొంచెం నవ్వింది. తరవాత నవ్వు ఆపి అంది, "కానీ తలుపు కొట్టి వెళ్ళండి."

"నువ్వు లేనప్పుడు కూడానా?"

"నేను లేనప్పుడు కూడా."

"ఎవరూ లేని గది తలుపు కొట్టాలా? వీధిలోవాళ్ళు చూస్తే పిచ్చెక్కిందనుకుంటారే."

"కొట్టండి అత్తయ్యా. లేకపోతే మళ్ళీ మర్చిపోతాం. అందరం."

కోడలు వెళ్ళిపోయింది. గేటు మూసుకున్న చప్పుడు. పొద్దు వాలుతోంది. భార్య లేచింది, నడుం పట్టుకుని. మర్నాటికి ఇవ్వాల్సిన చొక్కా గుడ్డ భుజాన వేసుకుని, పెద్ద కత్తెర చేత్తో పట్టుకుని ఆ గది ముందుకి వెళ్ళింది. ఒకసారి అటూ ఇటూ చూసింది, ఎవరైనా నవ్వుతారేమోనని. వేళ్ళతో తలుపు కొట్టింది.

వంగిన తలుపు. గొళ్ళెం పడని తలుపు. మధ్యలో ఇస్త్రీ మచ్చ, పక్కన వడ్రంగి పెట్టిన గీత. దాన్ని సరిచెయ్యడం ఆయనవల్ల కాదు, ఎప్పటికీ కాదేమో. పీట మీద కూర్చునే ఆయన, మొదట్లోలాగే, ఒకసారి దగ్గాడు.

"కొట్టింది నేనైతే మీరెందుకండీ దగ్గడం?" అంది భార్య వెనక్కి తిరిగి.

ఆయన ఎడమచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. ఆవిడ అది చూసింది, చూడనట్టు తల తిప్పుకుంది. మళ్ళీ ఒకసారి తలుపు కొట్టి, లోపల ఎవరో లేచి చెంగు సర్దుకునేంతసేపు ఆగి, అప్పుడు నెమ్మదిగా తోసింది.